డెలివరీ అయ్యి ఇంటికొచ్చిన బాలింతని 42 రోజులు ఎలా చూసుకోవాలి

ఇది బాలింతకి కాదు, బాలింత పక్కన ఉండేవాళ్ల కోసం రాస్తున్నా. అమ్మ కావచ్చు, అత్తగారు కావచ్చు, భర్త కావచ్చు. ఆమెకి ఇంత చదివే ఓపిక ఉండదు, నిద్రే ఉండదు ఇంక చదువెక్కడ. కాన్పయ్యాక తల్లుల్ని ఉంచే పోస్ట్‌నేటల్ వార్డులో మేం డిశ్చార్జ్ చేసేటప్పుడు ఇంట్లోవాళ్లు అడిగే ప్రశ్నల్లో పదికి తొమ్మిది బిడ్డ గురించే ఉంటాయి, తల్లి గురించి అడిగేది ఒక్కటే, పథ్యం ఏం పెట్టాలి మేడమ్ అని. ఇంటికెళ్లాక మైల అని ఒక గదిలో పెట్టేస్తారు, టైముకి అన్నం లోపలికి పంపిస్తారు, వచ్చినవాళ్లంతా బిడ్డని చూసి వెళ్తారు. ఆ గదిలో ఆమెకి బ్లీడింగ్ ఎంత అవుతుందో, తలనొప్పి ఉందో లేదో అడిగేవాళ్లు ఉండరు. కాబట్టి ఈ గైడ్‌లో ఎక్కువ భాగం తల్లి గురించే ఉంటుంది, బిడ్డ గురించి అవసరమైనంత చెప్తా.

ముందు హాస్పిటల్‌లోనే చూసుకోవాల్సినవి

డిశ్చార్జ్ కాగితం చేతికి ఇవ్వగానే బ్యాగులో పెట్టేయకండి, అక్కడే నిలబడి నర్సుని అడగండి. ఆఖరిసారి చూసిన బీపీ ఎంత, హిమోగ్లోబిన్ ఎంత, కుట్లు వాటంతట అవే కరిగిపోయేవా లేక తీయించుకోడానికి రావాలా, వస్తే ఏ రోజు. తల్లిది నెగెటివ్ బ్లడ్ గ్రూపు అయ్యి బిడ్డది పాజిటివ్ అయితే 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ పడాలి, వేశారో లేదో కాగితంలో రాసి ఉందా చూడండి, ఇది మిస్ అయితే తర్వాత వచ్చే కాన్పులో బిడ్డకి ఇబ్బంది. బిడ్డకి బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బీ ఈ మూడూ పడ్డాయా, పుట్టిన బరువు ఎంత, ఎంసీపీ కార్డులో (తల్లీబిడ్డల ఆరోగ్య వివరాలు రాసే కార్డు) ఎక్కించారా. బర్త్ రిజిస్ట్రేషన్ 21 రోజుల్లో అయిపోవాలి, పేరు పెట్టకపోయినా పర్లేదు, పేరు తర్వాత చేర్పించుకోవచ్చు.

ప్రభుత్వాసుపత్రి అయితే ఇంటిదాకా దింపడానికి బండి ఫ్రీ, ఆంధ్రాలో తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ అంటారు తెలంగాణలో 102 అంటారు. వెళ్లే దారిలో మెడికల్ షాపులో డిజిటల్ థర్మామీటర్ ఒకటి, పెద్ద సైజు ప్యాడ్లు కొనుక్కోండి. కడుపుతో ఉన్నప్పుడు బీపీ ఉన్న మనిషైతే చేతికి కట్టే బీపీ మిషన్ కూడా కొనండి, బారసాలకి పెట్టే ఖర్చులో అది ఒక మూలకి రాదు.

బ్లీడింగ్ ఎలా గమనించాలి

మొదటి మూడు నాలుగు రోజులు ఎర్రగా, పెద్ద పీరియడ్ లాగా అవుతుంది. తర్వాత రంగు తగ్గి గులాబీగా, గోధుమరంగుగా మారుతుంది, పది రోజులు దాటాక పసుపు తెలుపు కలిసినట్టు వచ్చి నాలుగు నుంచి ఆరు వారాల్లో ఆగిపోతుంది. సిజేరియన్ అయినా బ్లీడింగ్ ఉంటుంది, కడుపు కోసి తీశారు కదా ఇంక కింద నుంచి ఎందుకు అవుతుంది అని చాలామంది అడుగుతారు, మాయ అంటుకుని ఉన్న చోటు మానాలి కదా, డెలివరీ ఎలా జరిగినా అది ఒకటే. పాలిచ్చేటప్పుడు పొత్తికడుపు పిండేసినట్టు నొప్పి వచ్చి కాస్త ఎక్కువ అవ్వడం కూడా మామూలే, గర్భసంచి ముడుచుకుంటుంది, రెండో కాన్పు మూడో కాన్పు వాళ్లకి ఈ నొప్పి ఇంకా ఎక్కువ ఉంటుంది.

ఏది మామూలు కాదంటే: గంటలోపే ప్యాడ్ నిండిపోవడం, పెద్ద పెద్ద గడ్డలు పడడం, తగ్గి గోధుమరంగుకి వచ్చింది మళ్లీ ఒక్కసారిగా ఎర్రగా ఎక్కువ అవ్వడం, దుర్వాసన రావడం, కళ్లు తిరగడం, చెమటలు పట్టి చేతులు చల్లబడడం. మొదటి మూడిట్లో ఏదైనా, లేదా కళ్లు తిరిగి చల్లబడుతున్నా 108కి ఫోన్ చేయండి, చెడు రక్తం పోతుందిలే పోనీ అనుకోవద్దు. చెడు రక్తం అంటూ ఏమీ లేదు, పోయేదంతా ఆమె రక్తమే. అంబులెన్స్ వచ్చేలోపు ఆమెని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ల కింద దిండ్లు పెట్టి ఎత్తులో ఉంచండి, దుప్పటి కప్పండి, యూరిన్ నిండుగా ఉంటే అక్కడే బేసిన్‌లో పోయించండి ఎందుకంటే నిండిన మూత్రాశయం గర్భసంచిని ముడుచుకోనివ్వదు. బిడ్డని రొమ్ముకి పెట్టండి. మొదటి రోజుల్లో అయితే బొడ్డు కింద చెయ్యి పెట్టి గర్భసంచి గట్టిపడేదాకా గుండ్రంగా రుద్దండి, సిజేరియన్ అయితే రుద్దొద్దు.

దుర్వాసన, జ్వరం, పొత్తికడుపు నొప్పి కలిసి ఉంటే ఇన్ఫెక్షన్, అదే రోజు హాస్పిటల్‌కి వెళ్లాలి. జ్వరం అంటే 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే, చెయ్యి పెట్టి చూడ్డం కాదు థర్మామీటర్ పెట్టి చూడ్డం.

ప్యాడ్ నిండకపోయినా నాలుగైదు గంటలకోసారి మార్చాలి. పాత చీర గుడ్డలు వాడే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి, వాడితే తప్పులేదు గానీ సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి, ఎవరో చూస్తారని మంచం కింద నీడలో ఆరేస్తేనే సమస్య.

తలనొప్పి అంటే ముందు బీపీ చూడాలి

దీన్ని విడిగా ఎందుకు రాస్తున్నానంటే ఇళ్లల్లో దీన్నే అస్సలు పట్టించుకోరు. డెలివరీ అయిపోతే బీపీ సమస్య కూడా అయిపోయినట్టే అనుకుంటారు. నిజానికి డెలివరీ తర్వాత మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్యలో బీపీ బాగా పెరుగుతుంది, సరిగ్గా ఇంటికొచ్చేసిన రోజులు అవే. కడుపుతో ఉన్నప్పుడు బీపీ అసలు లేనివాళ్లకి కూడా రావచ్చు, ఆరు వారాల దాకా రావచ్చు.

గట్టి తలనొప్పి, కళ్ల ముందు మసకలు లేదా మెరుపులు, డొక్క కింద కుడివైపు లేదా పైకడుపులో నొప్పి, మొహం చేతులు ఉబ్బడం, ఆయాసం. వీటిల్లో ఏదైనా ఉంటే చెవుల్లో దూది పెట్టుకోలేదు అందుకే చలిగాలి సోకింది అని తేల్చేసి తలకి ఇంకో గుడ్డ కట్టి పడుకోబెట్టకండి. బీపీ చూపించండి, ఊళ్లో ఏఎన్ఎం (సబ్‌సెంటర్ నర్సు) దగ్గర మిషన్ ఉంటుంది. 140/90 దాటితే ఆ రోజే డాక్టరుకి చూపించాలి. 160/110 ఉంటే ఎమర్జెన్సీ. బీపీ తక్కువే చూపించినా ఈ లక్షణాలు తగ్గకపోతే కూడా డాక్టరు దగ్గరికే. ఫిట్స్ వస్తే, పెద్దవాళ్లు గుర్రపువాతం అనేది ఇదే, పక్కకి తిప్పి పడుకోబెట్టి నోట్లో చెంచా, తాళం చెవి, నీళ్లు ఏవీ పెట్టకుండా 108 పిలవండి.

సిజేరియన్‌కి వెన్నులో మత్తు ఇచ్చినవాళ్లకి వేరే రకం తలనొప్పి వస్తుంది, లేచి కూర్చుంటే ఎక్కువ, పడుకుంటే తక్కువ. అది కూడా డాక్టరుకి చెప్పాల్సిందే, కానీ మీ అంతట మీరు ఇది మత్తు తలనొప్పేలే అని వదిలేయొద్దు. డాక్టరు బీపీ మాత్రలు రాసిస్తే పాలిస్తున్నాం కదా అని ఆపేయకండి, పాలిచ్చే తల్లులకి పనికొచ్చేవే చూసి రాస్తారు.

కుట్లు, స్నానం, నడక

నార్మల్ డెలివరీలో కింద కుట్లు పడినవాళ్లు బాత్రూమ్‌కి వెళ్లిన ప్రతిసారీ నీళ్లతో ముందు నుంచి వెనక్కి కడుక్కుని మెత్తటి గుడ్డతో అద్దుకోవాలి. టబ్బులో గోరువెచ్చటి నీళ్లు పోసుకుని రోజుకి రెండుసార్లు పది నిమిషాలు కూర్చుంటే నొప్పి తగ్గుతుంది. పసుపు, డెట్టాల్ పచ్చిగా పూయడం వద్దు.

సిజేరియన్ కుట్టు దగ్గర డ్రెస్సింగ్ తీసేశాక స్నానం చేయొచ్చు, మామూలు సబ్బు నీళ్లు జారిపోతే చాలు, రుద్దకూడదు, తర్వాత పొడిగా తుడవాలి. పొట్ట మడత కింద చెమట పట్టి తడిగా ఉండిపోతే అక్కడే చీము పడుతుంది, వదులు కాటన్ బట్టలు వేయండి. దగ్గినా తుమ్మినా నవ్వినా కుట్టు మీద దిండు అదిమి పట్టుకోమనండి, మంచం మీంచి లేచేటప్పుడు నేరుగా లేవకుండా పక్కకి తిరిగి చెయ్యి ఊతంతో లేవాలి. ఆరు వారాలు బిడ్డకన్నా బరువైంది ఏదీ ఎత్తకూడదు, నీళ్ల బిందె, గ్యాస్ బండ, పెద్ద పిల్లాడు కూడా అందులోకే వస్తారు. కుట్టు ఎర్రబడి వేడిగా ఉన్నా, నీరు కారినా, విడిపోయినా వెళ్లి చూపించాలి.

పొట్ట తగ్గుతుందని వేడి వేడి నీళ్లు చెంబుతో పొట్టమీద కొడతారు కదా, అది ఆపరేషన్ అయినవాళ్లకి అస్సలు వద్దు. నడికట్టు హాయిగా అనిపిస్తే కట్టుకోనివ్వండి, ఊపిరాడనంత బిగించకండి, దానివల్ల పొట్ట కరగదు. తలుపులు మూసి మంచం కింద నిప్పుల కుంపటి పెట్టడం మాత్రం ఆపేయండి దయచేసి, మూసిన గదిలో బొగ్గు నిప్పుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, పడుకున్న తల్లీబిడ్డ పడుకున్నట్టే పోతారు.

నడవాలి. 40 రోజులు మంచం దిగకూడదు అనేది మన ఇళ్లల్లో ప్రేమతోనే చెప్తారు గానీ, కాన్పయ్యాక రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువగా ఉంటుంది, కదలకుండా పడుకుంటే కాలి నరాల్లో గడ్డ కడుతుంది. ఒక్క కాలే వాచినా, పిక్క నొప్పిగా వేడిగా ఉన్నా దాన్ని నూనె పెట్టి మర్దన చేయకండి, హాస్పిటల్‌కి తీసుకెళ్లండి. ఉన్నట్టుండి ఆయాసం ఛాతీనొప్పి వస్తే ఇంక ఆలోచించకుండా 108.

పథ్యం గొడవ

కాయం పెడతారు, వెల్లుల్లి కారం పెడతారు, మునగాకు పెడతారు, గోదావరి జిల్లాల్లో సొర చేప పుట్టు చేస్తారు. ఇవన్నీ బానే ఉన్నాయి, పెట్టండి. నాకు గొడవల్లా పెట్టనివాటి గురించే. పప్పు వాతం, పెరుగు జలుబు, గుడ్డు వేడి, పళ్లు చలవ, కూరగాయల్లో సగం పనికిరావు, చివరికి కంచంలో మిగిలేది పాత బియ్యం అన్నం, కారప్పొడి, చారు. బిడ్డకి పాలు తయారవ్వడానికి మొదటి ఆరు నెలలు ఆమెకి మామూలు కన్నా రోజుకి 600 క్యాలరీలు అదనంగా కావాలి, మనం ఉన్నది కూడా తీసేస్తున్నాం. రక్తం పోయి హిమోగ్లోబిన్ తక్కువున్న మనిషికి కారప్పొడి అన్నం ఏం బలమిస్తుంది చెప్పండి.

రోజూ కంచంలో ఉండాల్సింది ఇది: రెండు పూటలా పప్పు, ఏదో ఒక ఆకుకూర, ఏదో ఒక కాయగూర, గుడ్డు, తింటే చేపో మాంసమో, పాలు లేదా పెరుగు, ఒక పండు, మధ్యలో రాగిజావ లేదా వేరుశెనగ నువ్వులుండ. మూడు పూటలు కాదు ఐదుసార్లు పెట్టండి. రాత్రి పాలిచ్చేటప్పుడు ఆకలేస్తుంది, మంచం పక్కన ఏదో ఒకటి పెట్టి ఉంచండి. అంగన్వాడీలో బాలింతలకి ఇచ్చే పాలు గుడ్లు ఆమెకి వచ్చినవే, ఇంట్లో అందరికీ పంచేయకండి.

నీళ్లు తాగితే పొట్ట వస్తుంది, కుట్లు చీము పడతాయి అని లెక్కపెట్టి ఇస్తారే, అది తప్పు. నీళ్లు తక్కువైతే మలబద్ధకం, యూరిన్ ఇన్ఫెక్షన్, నీరసం వస్తాయి. పాలిచ్చిన ప్రతిసారీ ఒక గ్లాసు ముందు పెడితే లెక్క సరిపోతుంది, వేడినీళ్లే తాగాలని లేదు, మంచినీళ్లు అయితే చాలు.

ఐరన్ మాత్ర రోజుకొకటి, క్యాల్షియం రోజుకి రెండు, డెలివరీ తర్వాత కూడా 180 రోజులు వాడాలి, సబ్‌సెంటర్‌లో ఫ్రీగా ఇస్తారు. రెండూ కలిపి వేసుకుంటే ఐరన్ ఒంటికి పట్టదు, కనీసం రెండు గంటలు తేడా ఉండాలి. ఐరన్‌ని టీతో పాలతో వేసుకోకూడదు, నిమ్మరసంతో వేసుకుంటే ఇంకా మంచిది. మోషన్ నల్లగా వస్తే భయపడి ఆపొద్దు.

పాలు పట్టించడం

మొదటి రెండు మూడు రోజులు వచ్చే పసుపుపచ్చ ముర్రుపాలు చుక్కలే ఉంటాయి, బిడ్డ పొట్టకి అవి చాలు. పాలు పడలేదని తేనె, పంచదార నీళ్లు, డబ్బా పాలు మొదలుపెడితే బిడ్డ చీకడం తగ్గిస్తుంది, చీకడం తగ్గితే పాలు ఇంకా తగ్గుతాయి. తేనె అయితే ఏడాది నిండేదాకా వద్దే వద్దు, అందులో ఉండే బాక్టీరియా పసిబిడ్డకి ప్రాణం మీదకి తెస్తుంది. 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు, రాత్రి కూడా. సిజేరియన్ అయిన తల్లి పక్కకి తిరిగి పడుకుని ఇవ్వొచ్చు, కానీ ఇచ్చేటప్పుడు ఎవరో ఒకరు మెలకువగా ఉండండి.

పట్టించేటప్పుడు చనుమొన ఒక్కటే కాదు చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా ఎక్కువ వంతు బిడ్డ నోట్లో ఉండాలి, గడ్డం రొమ్ముకి ఆనాలి, కింద పెదవి బయటికి తిరిగి ఉండాలి. మొనలు పగిలాయంటే దాదాపు ఎప్పుడూ పట్టు సరిగ్గా లేకే. చిటికెన వేలు బిడ్డ నోటి మూలలో పెట్టి పట్టు విడిపించి మళ్లీ పెట్టండి, ఆఖర్న రెండు చుక్కలు పాలు మొనకి రాసి ఆరనివ్వండి. రొమ్ము రాయిలా గట్టిపడితే పాలు ఆపకూడదు, ఎక్కువసార్లు ఇవ్వాలి, మిగిలింది చేత్తో పిండాలి. ఎర్రగా అయ్యి చలిజ్వరం వస్తే డాక్టరు మందులిస్తారు, ఆ మందులు వాడుతూ కూడా ఆ రొమ్ము నుంచే పాలివ్వొచ్చు.

పాలు సరిపోతున్నాయా అనేది ఏడుపుని బట్టి తేల్చకండి. ఐదో రోజు దాటాక రోజుకి ఆరు అంతకంటే ఎక్కువసార్లు యూరిన్ పోస్తుంటే, రెండు వారాలకల్లా పుట్టిన బరువుకి తిరిగి వచ్చేస్తే సరిపోతున్నాయి. మొదటి వారంలో బరువు కొంచెం తగ్గడం దాదాపు అందరు పిల్లలకీ ఉంటుంది.

బిడ్డ విషయం

బొడ్డుకి ఏమీ పెట్టొద్దు, ఆముదం, పసుపు, పౌడరు, బూడిద ఏదీ. పొడిగా వదిలేస్తే వారం రెండు వారాల్లో రాలిపోతుంది. చెవుల్లో ముక్కులో నూనె పోయొద్దు, కళ్లకి కాటుక వద్దు, వస అరగదీసి నాకించొద్దు, సాంబ్రాణి పొగ మొహానికి తగలనివ్వొద్దు. రెండున్నర కిలోల కన్నా తక్కువుంటే స్నానాలు చేయించకుండా తడిగుడ్డతో తుడిచి తల్లి ఛాతీమీద చర్మానికి చర్మం తగిలేలా పెట్టుకోండి, నాన్న కూడా పెట్టుకోవచ్చు, సిగ్గేం లేదు.

ఆశా వర్కర్ 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి రావాలి. వచ్చినప్పుడు బిడ్డని చూపించి వాకిట్లోంచి పంపేయకుండా లోపలికి పిలిచి తల్లిని కూడా చూడమనండి, పురుడు కాలేదు మైల అని ఆపకండి.

పాలు తాగడం మానేసినా, లేపినా సరిగ్గా కదలకపోయినా, ఫిట్స్ వచ్చినా, నిమిషానికి 60 సార్లకి మించి ఊపిరి తీస్తున్నా, డొక్కలు ఎగరేస్తున్నా, ఒళ్లు వేడిగా ఉన్నా అంతకన్నా ముఖ్యంగా చల్లబడిపోయినా, బొడ్డు చుట్టూ ఎర్రబడినా వెంటనే ఎస్ఎన్‌సీయూ (జబ్బుపడ్డ పసిబిడ్డల స్పెషల్ వార్డు) ఉన్న ప్రభుత్వాసుపత్రికో పిల్లల డాక్టరు దగ్గరికో వెళ్లాలి. పచ్చకామెర్లు మొదటి 24 గంటల్లో కనబడితే, లేదా అరచేతులు అరికాళ్ల దాకా పచ్చబడితే ఎండలో పెడుతూ కూర్చోవద్దు, దానికి లైటు కింద పెట్టి చేసే వైద్యం ఉంది.

మనసు బాలేకపోతే

మూడో రోజు ప్రాంతంలో ఊరికే ఏడుపొస్తుంది, చిన్న మాటకే కోపం వస్తుంది. చాలామందికి ఉండేదే, రెండు వారాల్లో పోతుంది. ఆ టైంలో ఆమెకి కావాల్సింది నిద్ర. బిడ్డని ఎత్తుకుని ఒక మూడు గంటలు ఆమెని పడుకోనివ్వండి, చుట్టాల్ని పదకొండో రోజు తర్వాత రమ్మనండి. మళ్లీ ఆడపిల్లేనా అనేవాళ్లని మాత్రం గుమ్మం దగ్గరే ఆపాలి, ఆ పని భర్త చేయాలి.

రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, బిడ్డ మీద ఆసక్తి లేకపోతే, బిడ్డ నిద్రపోయినా తనకి నిద్ర పట్టకపోతే అది డిప్రెషన్, దానికి మందులూ కౌన్సెలింగూ ఉన్నాయి. మనసు సమస్యలకి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416, ఫ్రీ, తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనుంది అన్నా, లేనివి వినబడుతున్నాయి కనబడుతున్నాయి అన్నా, బిడ్డ గురించి వింతగా మాట్లాడినా గాలి సోకిందని తాయెత్తు కట్టించే పని పెట్టుకోవద్దు. ఆమెని, బిడ్డని ఒంటరిగా వదలకుండా ఆ రోజే హాస్పిటల్‌కి తీసుకెళ్లండి.

42వ రోజు ఇద్దరికీ చెకప్

ఆరు వారాలకి బిడ్డకి పెంటావాలెంట్, పోలియో, రోటా, పీసీవీ టీకాలు ఉంటాయి, అందరూ మర్చిపోకుండా వెళ్తారు. అదే రోజు తల్లికి బీపీ, హిమోగ్లోబిన్ చూపించండి, కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవాళ్లయితే గ్లూకోజు తాగించి రెండు గంటలకి చేసే టెస్ట్ తప్పకుండా చేయించాలి, తగ్గిపోయిందనుకున్న షుగర్ కొందరికి అలాగే ఉండిపోతుంది.

ఇంకో విషయం, నెలసరి రాలేదు కదా పాలిస్తున్నాం కదా గర్భం రాదులే అని నమ్మి ఏడాదిలోపే మళ్లీ వచ్చేవాళ్లు చాలామంది. పాల వల్ల రక్షణ ఉండాలంటే మూడూ ఉండాలి: బిడ్డకి ఆరు నెలలు నిండకూడదు, నీళ్లు కూడా పట్టకుండా రాత్రీపగలూ తల్లిపాలే ఇవ్వాలి, నెలసరి మొదలవ్వకూడదు. ఒక్కటి తప్పినా లెక్క పోయినట్టే. బ్లీడింగ్ ఆగి, కుట్లు మానాక కూడా ఆమెకి ఇష్టమైతేనే కలవడం, అప్పుడు కూడా గర్భం రాకుండా ఏదో ఒక పద్ధతి ఉండాలి. డెలివరీ అయిన 48 గంటల్లో కాపర్ టీ వేయించుకోకపోతే ఇప్పుడు ఆరు వారాలకి వేయించుకోవచ్చు. అంతర ఇంజెక్షన్ పాలిచ్చేవాళ్లు ఆరు వారాల తర్వాత మొదలుపెట్టొచ్చు, మూడు నెలలకోసారి. ఛాయ మాత్రల్లో హార్మోన్ లేదు, మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికొకటి. మెడికల్ షాపులో దొరికే మామూలు గర్భనిరోధక మాత్రలు పాలిచ్చేవాళ్లు ఆరు నెలల దాకా వాడొద్దు. పిల్లలు ఇంక చాలు అనుకుంటే, ఇప్పుడే సిజేరియన్ అయిన మనిషిని మళ్లీ ట్యూబెక్టమీ (ఆడవాళ్లకి చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్) టేబుల్ ఎక్కించే ముందు భర్తకి చేసే వేసెక్టమీ గురించి కూడా అడగండి, కోత కుట్లు లేకుండా చేస్తారు, అదే రోజు ఇంటికి రావచ్చు, కాకపోతే తర్వాత మూడు నెలలు కండోమ్ వాడి వీర్యం టెస్ట్ చేయించుకోవాలి. ఈ మాట ఓపీలో మేమే చెప్తే భర్తలు ఫోన్ వచ్చినట్టు బయటికెళ్లిపోతారు, కాబట్టి ఇంట్లోనే మాట్లాడుకుని 42వ రోజు ఇద్దరూ కలిసి రండి, ఎంసీపీ కార్డు, డిశ్చార్జ్ కాగితం, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులు వెంట తెచ్చుకోండి.